వైరస్ పరీక్షకు మంచి శ్వాసకోశ శాంపిల్: ఏది, ఎప్పుడు, ఎలా తీయాలి

పీసీఆర్ (వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష) రిపోర్టులో ‘నెగెటివ్’ అని వస్తే దానికి రెండు అర్థాలుండొచ్చు. రోగిలో వైరస్ లేకపోవచ్చు. లేదా వైరస్ ఉన్నా ట్యూబులోకి రాకపోయి ఉండొచ్చు. ఈ రెండింట్లో ఏది నిజమో మిషన్ చెప్పలేదు. కానీ ఆసుపత్రిలో ఆ ఒక్క మాట మీద చాలా నిర్ణయాలు నడుస్తాయి. ఐసొలేషన్ తీసేస్తారు, యాంటీవైరల్ మందు ఆపేస్తారు, ఆ రోగిని జనరల్ వార్డుకి మార్చి కీమోథెరపీ తీసుకుంటున్న మనిషి పక్క బెడ్డు ఇస్తారు. అందుకే ఎంత ఖరీదైన మిషన్ ఉన్నా ముందు శాంపిల్ సంగతి చూడాలంటాను. వార్డులో శాంపిల్ తీసే నర్సులు, రెసిడెంట్లు, ల్యాబ్‌లో దాన్ని అందుకునే టెక్నీషియన్లు అందరికీ పనికొచ్చేలా దీన్ని రాస్తున్నాను.

మొదట ఒక విషయం మనసులో పెట్టుకోవాలి. వైరస్ కణం లోపల పెరుగుతుంది. ఇన్‌ఫ్లుయెంజా, ఆర్‌ఎస్‌వీ (ముఖ్యంగా పసిపిల్లలకి సోకే శ్వాసకోశ వైరస్) లాంటివి శ్వాసమార్గం లోపలి పొరలో ఉండే కణాల్లో పెరుగుతాయి. ముక్కులో కారే చీమిడిలో కొంత వైరస్ ఉంటుంది, కాదనను. కానీ గట్టి శాంపిల్ అంటే ఆ పొర నుంచి ఊడి వచ్చిన కణాలున్న శాంపిల్. స్వాబ్ ఎంత తడిగా ఉందన్నది కాదు, ఎన్ని కణాలు పట్టుకొచ్చిందన్నది లెక్క. కింద చెప్పే జాగ్రత్తల్లో చాలావాటికి ఇదే కారణం.

స్వాబ్ ప్యాకెట్ చించే ముందు అడగాల్సినవి

*జబ్బు మొదలై ఎన్నో రోజు?* అడ్మిట్ అయిన తేదీ కాదు, మొదటి లక్షణం కనిపించిన తేదీ కావాలి. మామూలు ఫ్లూలో లక్షణాలకి ఒక రోజు ముందు నుంచే వైరస్ బయటికి రావడం మొదలవుతుంది, మొదటి రెండు మూడు రోజుల్లో బాగా ఎక్కువగా ఉంటుంది, ఐదు నుంచి ఏడు రోజుల్లో తగ్గిపోతుంది. కాబట్టి ఫ్లూ అనుమానం ఉంటే నాలుగు రోజుల లోపు తీసిన శాంపిల్‌కే ఎక్కువ విలువ. చిన్నపిల్లల్లో, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళలో ఇంకా ఎక్కువ రోజులు, కొన్నిసార్లు వారాల తరబడి కనిపిస్తుంది. అన్ని వైరస్‌లూ ఒకేలా ఉండవు. 2003 నాటి సార్స్‌లో వైరస్ మోతాదు జబ్బు మొదలైన పదో రోజు దగ్గర గరిష్ఠానికి చేరేది. కోవిడ్‌లో లక్షణాలు మొదలయ్యే సమయానికే గరిష్ఠానికి దగ్గరగా ఉంటుంది.

*వైరస్ ఇప్పుడు ఎక్కడ ఉంది?* జలుబు, గొంతునొప్పి, జ్వరంతో వచ్చినవాళ్ళకి ముక్కు, గొంతు చాలు. న్యుమోనియాతో ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ళ సంగతి వేరు. జబ్బు కిందికి దిగేసరికి ముక్కు వెనక భాగంలో వైరస్ తగ్గిపోయి, ఊపిరితిత్తుల్లో మాత్రం నిండుగా ఉండొచ్చు. 2009 హెచ్1ఎన్1 సమయంలో ఇది చాలాచోట్ల కనిపించింది: ముక్కు స్వాబ్ నెగెటివ్, అదే రోగి ఊపిరితిత్తుల నుంచి తీసిన ద్రవం పాజిటివ్. మెర్స్‌లో (సార్స్ లాంటి మరో కరోనా వైరస్ జబ్బు) మొదటి నుంచీ కింది భాగం శాంపిల్‌నే నమ్ముకోవాలి. బర్డ్ ఫ్లూ వైరస్ హెచ్5ఎన్1 అతుక్కునే గ్రాహకాలు మనిషిలో ఊపిరితిత్తుల లోతట్టున ఎక్కువగా ఉంటాయి, అందుకే తీవ్రమైన కేసుల్లో కింది శాంపిల్ తప్పనిసరి. అదే హెచ్5ఎన్1 2024లో అమెరికాలో పాడి పశువుల దగ్గర పనిచేసేవాళ్ళకి సోకినప్పుడు ప్రధానంగా కళ్ళు ఎర్రబడటంగా కనిపించింది. అలాంటి రోగికి కంటి స్వాబ్ కూడా తీయాలి. ముక్కు నుంచి తీశాం కదా అని ఊరుకుంటే దొరక్కపోవచ్చు.

*ఏ పరీక్షకి?* పీసీఆర్‌కి, యాంటిజెన్‌కి (వైరస్ ప్రోటీన్‌ను వెతికే పరీక్ష), కల్చర్‌కి (ల్యాబ్‌లో వైరస్‌ను పెంచి చూడటం) ఒకే ట్యూబు పనికిరాకపోవచ్చు. చాలా ర్యాపిడ్ యాంటిజెన్ కిట్లకి స్వాబ్‌ను నేరుగా కిట్‌లో ఇచ్చిన బఫర్‌లో ముంచాలి. 3 మిల్లీలీటర్ల ద్రవంలో వేసి తెస్తే పలచబడి, బలహీనమైన పాజిటివ్ కాస్తా నెగెటివ్ అవుతుంది. కిట్ కరపత్రంలో ఏయే శాంపిల్స్‌కి అనుమతి ఉందో రాసి ఉంటుంది. ముక్కు స్వాబ్‌కి మాత్రమే పరీక్షించిన కిట్‌లో తెమడ వేసి వచ్చిన ఫలితాన్ని, ల్యాబ్ సొంతంగా నిర్ధారించుకుంటే తప్ప, రిపోర్టుగా ఇవ్వకూడదు.

స్వాబ్, ట్యూబు ఎంపిక

పుల్ల ప్లాస్టిక్‌దీ, కొస నైలాన్ ఫ్లాక్డ్‌దీ అయితే మేలు. ఫ్లాక్డ్ స్వాబ్ కొసమీద సన్నని నూగు బ్రష్‌లా నిలబడి ఉంటుంది. కణాల్ని గీరి పట్టుకుంటుంది, ద్రవంలో వేయగానే వదిలేస్తుంది. చుట్టిన దూది అలా కాదు, పట్టుకున్నదాన్ని తన పోగుల్లోనే ఉంచేసుకుంటుంది. ఫ్లాక్డ్ దొరక్కపోతే పాలిస్టర్ లేదా రేయాన్ వాడొచ్చు. చెక్క పుల్ల, కాల్షియం ఆల్జినేట్ కొస ఉన్నవి మాత్రం వద్దు. వాటిలోని పదార్థాలు కొన్ని వైరస్‌లను చంపేస్తాయి, పీసీఆర్‌ను అడ్డుకుంటాయి. ముక్కు లోపలికి వెళ్ళేదానికి సన్నని కొస, వంగే పుల్ల కావాలి. గొంతుకి వాడే లావు స్వాబ్‌ను ముక్కులో లోతుకి తోస్తే రోగికి నొప్పి, మనకి పనికిరాని శాంపిల్.

ట్యూబులో వీటీఎం, అంటే ల్యాబ్‌కి చేరేదాకా వైరస్‌ను కాపాడే ద్రవం, ఉంటుంది. ఉప్పు ద్రావణం, కాస్త ప్రోటీన్, బ్యాక్టీరియా, ఫంగస్ పెరగకుండా మందులు, చాలా బ్రాండ్లలో గులాబీ రంగునిచ్చే ఫినాల్ రెడ్ కలిసినది. రంగు పసుపుకి తిరిగినా, మసకబారినా, గడువు దాటినా ఆ ట్యూబును పక్కన పెట్టేయాలి. వీటీఎం అందుబాటులో లేకపోతే పీసీఆర్ కోసం స్టెరైల్ సెలైన్ పనికొస్తుంది, కానీ త్వరగా ల్యాబ్‌కి చేరాలి. బ్యాక్టీరియా కల్చర్‌కి వాడే జెల్ ట్యూబు, బొగ్గు కలిపిన ట్యూబు ఈ పనికి రావు.

గ్వానిడిన్ కలిసిన ట్యూబులు ఇంకో రకం. ఇవి వైరస్‌ను అక్కడికక్కడే చంపి, జన్యుపదార్థాన్ని కాపాడతాయి. పీసీఆర్‌కి బాగుంటాయి, ల్యాబ్ సిబ్బందికి ప్రమాదం తగ్గుతుంది. వీటితో కల్చర్ చేయలేం, యాంటిజెన్ పరీక్షా కుదరదు. ముఖ్యమైనది: ఈ ద్రవం ఒలికితే బ్లీచ్ పోయకండి. గ్వానిడిన్, బ్లీచ్ కలిస్తే విషవాయువు వస్తుంది. బల్ల తుడిచే హౌస్‌కీపింగ్ సిబ్బందికి ఈ సంగతి చెప్పకుండా ఈ ట్యూబుల్ని వార్డుకి పంపకూడదని నా గట్టి అభిప్రాయం.

నేసోఫారింజియల్ స్వాబ్: దగ్గర నుంచి

ముక్కులోంచి వెళ్ళి, ముక్కు వెనక గొంతు పైభాగం నుంచి తీసే స్వాబ్ ఇది. పై శ్వాసమార్గం వైరస్‌లకి ఇది ఇప్పటికీ ముందు వరసలో ఉన్న శాంపిల్. ఎక్కువగా తప్పు జరిగేదీ ఇక్కడే. కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను.

ముందు రోగికి ఏం చేయబోతున్నారో చెప్పండి. “ముక్కులోంచి వెనక దాకా వెళ్తుంది, కళ్ళలో నీళ్ళు వస్తాయి, కొన్ని సెకన్లే” అంటే చాలు, టెన్షన్ సగం తగ్గుతుంది. ఇటీవల ముక్కు ఆపరేషన్ అయిందా, తలకి దెబ్బ తగిలి పుర్రె అడుగుభాగం విరిగిందా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, ముక్కులోంచి తరచూ రక్తం వస్తుందా అని అడగండి. అవునంటే డాక్టర్‌తో మాట్లాడి వేరే చోటు నుంచి తీసుకోవాలి. చీమిడి నిండి ఉంటే ఒకసారి చీదమనండి. ఆ జిగురు కింద ఉన్న పొర మనకి కావాలి. ఏ పక్క రంధ్రంలోంచి గాలి బాగా ఆడుతుందో ఒక్కొక్కటి మూసి చూడమని అడిగితే దారి తెలుస్తుంది.

తల వెనక్కి ఆనించి, సుమారు 70 డిగ్రీలు పైకెత్తించండి. మాస్కును నోటి మీదే ఉంచి ముక్కు వరకే కిందికి దించితే దగ్గినా తుంపరలు తగ్గుతాయి. మీరు ఎదురుగా కాకుండా కాస్త పక్కకి నిలబడండి. స్వాబ్‌ను పెన్ను పట్టుకున్నట్టు పట్టుకోండి.

అసలు మెలకువ దిశలో ఉంది. ముక్కు బయటి ఆకారం చూసి చెయ్యి దానంతట అదే పైకి, కళ్ళ మధ్యకి పోతుంది. అది తప్పు దారి. ముక్కు నేల అంగిలికి సమాంతరంగా, నేరుగా వెనక్కి ఉంటుంది. స్వాబ్ చెవి వైపు పోతున్నట్టు ఉండాలి, నుదుటి వైపు కాదు. రంధ్రం నుంచి చెవి బయటి రంధ్రం వరకు ఎంత దూరమో ముందే పుల్ల మీద కంటితో కొలుచుకోండి. పెద్దవాళ్ళలో అది సుమారు 9, 10 సెంటీమీటర్లు ఉంటుంది. రెండు మూడు సెంటీమీటర్లకే గట్టిగా తగిలితే అది వెనక గోడ కాదు, టర్బినేట్ ఎముకో (ముక్కు లోపల పక్కగోడ నుంచి పొడుచుకొచ్చేది) మధ్య గోడ వంకరో అయి ఉంటుంది. తోయకండి. కొద్దిగా వెనక్కి లాగి, కోణాన్ని ఇంకాస్త కిందికి దించి మళ్ళీ వెళ్ళండి. అయినా పోకపోతే రెండో రంధ్రం ప్రయత్నించండి. బలం పెట్టి దారి చేసుకోవడం ఎప్పుడూ సరికాదు. పుర్రె అడుగున ముందే లోపం ఉన్న ఒక రోగికి స్వాబ్ తర్వాత మెదడు చుట్టూ ఉండే ద్రవం కారిన సంఘటన 2020లో వైద్య పత్రికలో నమోదైంది.

వెనక గోడ తగిలినప్పుడు మెత్తగా ఆగుతుంది. రోగి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, తల కొద్దిగా వెనక్కి జరుగుతుంది. అక్కడ కొన్ని సెకన్లు ఆపండి, నూగు ద్రవాన్ని పీల్చుకోవాలి. తర్వాత మెల్లగా తిప్పుతూ బయటికి తీయండి. రోగి ఏ ఇబ్బందీ లేకుండా కబుర్లు చెప్తున్నాడంటే మీరు ముందు భాగంలోనే ఉన్నారని అర్థం.

స్వాబ్ వెంటనే ట్యూబులోకి వెళ్ళాలి. పుల్ల మీద గీత ఉన్నచోట ట్యూబు అంచుకి ఆనించి విరవండి. జేబులో కత్తెరతో కత్తిరించొద్దు. కొస పూర్తిగా ద్రవంలో మునిగిందో లేదో చూసి, మూత బిగించండి. పుల్ల పొడుగ్గా మిగిలి మూత సరిగ్గా పట్టకపోతే దారిలో ద్రవం కారిపోతుంది. అప్పుడు పొడి స్వాబ్, ఖాళీ ట్యూబు, తడిసిన ఫారం మాత్రమే ల్యాబ్‌కి చేరతాయి.

మిగతా పై భాగం శాంపిల్స్

గొంతు స్వాబ్‌కి నాలుకను అదిమి, గొంతు వెనక గోడని, రెండు టాన్సిల్స్‌ని గట్టిగా రుద్దాలి. నాలుక, పళ్ళు, చిగుళ్ళు, కొండనాలుక తగలకూడదు. చాలా వైరస్‌లకి ఇది ఒంటరిగా ముక్కు స్వాబ్ అంత బలమైనది కాదు. రెండూ తీసి ఒకే ట్యూబులో వేస్తే దొరికే అవకాశం పెరుగుతుంది, పరీక్ష ఖర్చు పెరగదు. అడ్మిట్ అయిన రోగిలో నేను ఇదే ఇష్టపడతాను.

ముక్కు మధ్య భాగం స్వాబ్ రెండు సెంటీమీటర్ల లోపే, టర్బినేట్ దగ్గర ఆగేదాకా. ముందు భాగం స్వాబ్ అంతకంటే తక్కువ లోతు. రెండు రంధ్రాల్లోనూ ఒకే స్వాబ్‌తో, గోడకి ఆనించి కనీసం నాలుగు చుట్లు, 10 నుంచి 15 సెకన్లు. రోగి తానే తీసుకోగలడు, పెద్ద సంఖ్యలో స్క్రీనింగ్‌కి బాగుంటుంది. లాలాజలం ఇవ్వాలంటే అరగంట ముందు నుంచి తినడం, తాగడం, పొగ, బ్రష్ అన్నీ ఆపాలి. ఊరిన ఉమ్మి కావాలి, ఖాకరించి తీసిన తెమడ కాదు.

పసిపిల్లల్లో, ముఖ్యంగా ఆర్‌ఎస్‌వీ అనుమానం ఉన్నప్పుడు, ముక్కు వెనక నుంచి సక్షన్‌తో మ్యూకస్ ట్రాప్‌లోకి (చీమిడి పట్టే చిన్న సీసా) లాగిన ద్రవం చాలా మంచి శాంపిల్. కాస్త సెలైన్ వేసి, తక్కువ ఒత్తిడితో లాగుతారు. బిడ్డకి ఊపిరి ఆడటం కూడా తేలికవుతుంది. తుంపరలు ఎక్కువ కాబట్టి గదిలో అవసరమైనవాళ్ళే ఉండాలి.

ఊపిరితిత్తుల నుంచి

తెమడ తీయించడం మామూలు పనిలా కనిపిస్తుంది, అందుకే నిర్లక్ష్యం. ముందు నీళ్ళతో నోరు పుక్కిలించమనండి. కట్టుడు పళ్ళుంటే తీయించండి. లోతుగా రెండు మూడుసార్లు ఊపిరి పీల్చి, ఛాతీ లోపలి నుంచి దగ్గమనండి. కప్పులో నీళ్ళలాంటి ఉమ్మి పడితే మళ్ళీ ప్రయత్నించాలి. చిక్కటి తెమడను ల్యాబ్‌లో పలచబరిచే ద్రావణం కలిపాకే పీసీఆర్‌కి వేయాలి, లేకపోతే జన్యుపదార్థం సరిగ్గా బయటికి రాదు.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. బ్యాక్టీరియా కల్చర్‌కి తెమడను మైక్రోస్కోప్ కింద చూసి, నోటి కణాలు ఎక్కువుంటే తిరస్కరిస్తారు, చీము కణాలు ఎక్కువుంటే మంచిదంటారు. వైరస్ పీసీఆర్‌కి ఆ కొలత సరిపడదు. వైరల్ న్యుమోనియాలో చీము కణాలు తక్కువగానే ఉండొచ్చు. బ్యాక్టీరియా లెక్కతో వైరస్ శాంపిల్‌ను పారేయకండి.

వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళకి శ్వాసనాళంలోని గొట్టం ద్వారా తీసిన ద్రవం, అంటే ఎండోట్రాకియల్ ఆస్పిరేట్, సులువు, అందుబాటు. మూసి ఉన్న సక్షన్ వాడితే గాలిలోకి తుంపరలు తగ్గుతాయి. దాన్ని వదిలి ముక్కు స్వాబ్ ఒక్కటే పంపడం చాలా ఐసీయూల్లో అలవాటుగా జరుగుతోంది. ఇది మారాలి. గొట్టం ఎలాగూ ఉంది, రోజూ సక్షన్ ఎలాగూ చేస్తున్నారు.

బ్రాంకోస్కోపీతో కడిగి తీసే ద్రవం, అంటే బీఏఎల్, నేరుగా గాలితిత్తుల దగ్గరి నుంచి వస్తుంది. పెద్దవాళ్ళలో మొత్తం 100 నుంచి 300 మిల్లీలీటర్ల సెలైన్‌ను విడతలుగా పంపి వెనక్కి లాగుతారు. పోసినదాంట్లో కనీసం 30 శాతం తిరిగొస్తే మంచి శాంపిల్ అంటారు. మార్పిడి శస్త్రచికిత్స జరిగినవాళ్ళు, రక్త క్యాన్సర్ రోగులు, ఎక్స్-రేలో మచ్చలుండి ముక్కు స్వాబ్ నెగెటివ్ వచ్చినవాళ్ళు, వీళ్ళకి ఇది విలువైనది. ఆక్సిజన్ బాగా పడిపోయినవాళ్ళకి, ప్లేట్‌లెట్లు తక్కువున్నవాళ్ళకి ప్రమాదం ఉంది, కాబట్టి శాంపిల్ కోసమే రోగిని ఇబ్బంది పెట్టే ముందు ఆ ఫలితం వైద్యాన్ని మారుస్తుందా అని ఆలోచించాలి. రక్తం ఎక్కువ కలిసిన ద్రవం పీసీఆర్‌ను అడ్డుకోవచ్చు. ఆ సంగతి ఫారంలో రాయండి.

తీసేవాళ్ళ రక్షణ

ఎన్95 మాస్క్, కంటి రక్షణ, గౌను, గ్లౌజులు. రోగికి రోగికి మధ్య గ్లౌజులు మార్చడం, చేతులు శుభ్రం చేసుకోవడం మీ కోసం మాత్రమే కాదు. గ్లౌజు మీది వైరస్ తర్వాతి ట్యూబులోకి చేరితే ఒక తప్పుడు పాజిటివ్ తయారవుతుంది. దగ్గు రప్పించే పనులు, సక్షన్, బ్రాంకోస్కోపీ వీలైతే గాలి బయటికి లాగే నెగెటివ్ ప్రెషర్ గదిలో చేయాలి.

లేబుల్, చలి, ప్రయాణం

పేరు, ఆసుపత్రి నంబరు రెండూ ట్యూబు మీదే ఉండాలి, మూత మీద కాదు. రోగి పక్కనే అంటించాలి. ఫారంలో శాంపిల్ ఏ చోటిది, తీసిన తేదీ, సమయం, జబ్బు మొదలైన తేదీ, వాడుతున్న యాంటీవైరల్, ఇటీవల ముక్కులో స్ప్రే చేసే ఫ్లూ టీకా తీసుకున్నారా అన్నవి రాయాలి. ఆ టీకాలోని బతికున్న వైరస్ కొన్ని రోజులు పరీక్షలో కనిపించగలదు. మందు మొదలుపెట్టే ముందే శాంపిల్ తీయడం మంచిది, అయితే శాంపిల్ కోసం మందు ఆలస్యం చేయకూడదు.

తీసిన వెంటనే 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్. 72 గంటల్లో పరీక్ష జరుగుతుందనుకుంటే ఫ్రిజ్ చాలు. అంతకంటే ఆలస్యమైతే మైనస్ 70 డిగ్రీలు లేదా ఇంకా తక్కువ. మామూలు మైనస్ 20 ఫ్రీజర్ సురక్షితమనుకుంటారు. అది కాదు, అందులో వైరస్ దెబ్బతింటుంది, ముఖ్యంగా ఆర్‌ఎస్‌వీ లాంటి సున్నితమైనవి. గడ్డకట్టించి కరిగించి మళ్ళీ గడ్డకట్టించడం ఇంకా చెడ్డది. శుక్రవారం సాయంత్రం తీసిన శాంపిల్ సోమవారం దాకా ఎక్కడ ఉంటుందో తీసేముందే అడిగి తెలుసుకోండి. బయటికి పంపేటప్పుడు మూడు పొరల ప్యాకింగ్: ట్యూబు, కారకుండా పీల్చుకునే పదార్థంతో రెండో డబ్బా, బయట గట్టి పెట్టె, దాని మీద యూఎన్3373 గుర్తు (లోపల జీవసంబంధ శాంపిల్ ఉందని తెలిపేది).

ల్యాబ్‌లో అందుకున్నాక

లేబుల్ లేనిది, కారిపోయినది, స్వాబ్ లేనిది, చెక్కపుల్లతో వచ్చినది, వేడిలో ఉండిపోయినది తిరస్కరించి, వెంటనే ఫోన్ చేసి కారణం చెప్పండి. బీఏఎల్ లాంటి మళ్ళీ తీయలేని శాంపిల్‌ను మాత్రం పారేయకుండా, లోపాన్ని రిపోర్టులో రాసి పరీక్షించడం న్యాయం. తెరిచేది బయోసేఫ్టీ క్యాబినెట్‌లోనే. ట్యూబును బాగా కుదిపి స్వాబ్‌లోని కణాల్ని ద్రవంలోకి రప్పించాలి.

చాలా పీసీఆర్ కిట్లలో మనిషి జన్యువు, ఉదాహరణకి ఆర్‌ఎన్‌ఏస్ పి, అంతర్గత కంట్రోల్‌గా, అంటే పరీక్ష సరిగ్గా నడిచిందో లేదో చూపే గుర్తుగా, ఉంటుంది. అది కూడా రాకపోతే ‘నెగెటివ్’ అని రాయకూడదు, ‘శాంపిల్ సరిపోదు, మళ్ళీ పంపండి’ అని రాయాలి. అయితే ఆ కంట్రోల్ వచ్చినంత మాత్రాన శాంపిల్ సరైన చోటిదని కాదు. బుగ్గ లోపల రుద్దిన స్వాబ్‌లోనూ మనిషి కణాలుంటాయి. కొన్ని కిట్లలో కంట్రోల్‌ను బయటి నుంచి కలుపుతారు. అది రసాయన ప్రక్రియ సరిగ్గా నడిచిందని చెప్తుంది తప్ప, ముక్కులోంచి ఏదైనా వచ్చిందో లేదో చెప్పదు. మీ కిట్‌లో ఏ రకం ఉందో తెలుసుకోండి.

ఫలితం రోగికి సరిపోకపోతే

జ్వరం, దగ్గు, ఎక్స్-రే అన్నీ వైరల్ న్యుమోనియా అంటున్నా స్వాబ్ నెగెటివ్ వచ్చిందనుకోండి. అదే ముక్కు నుంచి అదే పద్ధతిలో మళ్ళీ మళ్ళీ పంపడం వల్ల పెద్దగా ఒరిగేది లేదు. ఇంకో చోటి నుంచి, వీలైతే కింది భాగం నుంచి తీసి పంపండి. ఫలితం వచ్చేదాకా ఐసొలేషన్, మందు కొనసాగించండి. పాజిటివ్ విషయంలోనూ ఆలోచన అవసరం. రైనోవైరస్, అడినోవైరస్ జబ్బు తగ్గాక కూడా వారాలపాటు పీసీఆర్‌లో కనిపించగలవు. తీవ్రంగా జబ్బుపడినవాళ్ళ బీఏఎల్‌లో సైటోమెగాలోవైరస్, హెర్పిస్ వైరస్ దొరికితే అవి జబ్బుకి కారణమా, లేక ఒంట్లో ఎప్పటినుంచో నిద్రపోతున్నవి ఇప్పుడు లేచి బయటికి వస్తున్నాయా అన్నది మోతాదు, కణజాల మార్పులు, రోగి పరిస్థితి కలిపి చూసి తేల్చాలి. ఇలాంటి రిపోర్టు వచ్చినప్పుడు వార్డు డాక్టర్ ల్యాబ్‌కి ఫోన్ చేసి, శాంపిల్ ఎక్కడిది, ఎన్నో రోజున తీసింది, కంట్రోల్ ఎలా వచ్చింది అని ముందు అడగాలి. ఆ మూడూ తెలిశాకే మందు గురించి నిర్ణయం తీసుకోవాలి.